లారీ ఎక్కాలంటే ఇంట్లో లారీ ఉండాలా?

మంగళగిరి దాటి గుంటూరు వైపు పోతుంటే కాజ దగ్గర టోల్‌గేటు వస్తుంది. మిర్చి సీజన్లో రాత్రిపూట అక్కడ నిలబడితే గుంటూరు యార్డు నుంచి, కోల్డు స్టోరేజీల నుంచి బయల్దేరిన లారీలు వరసగా కనిపిస్తాయి. టిక్కీలు ఎత్తుగా పేర్చి, పైన పట్టా కప్పి, తాళ్ళు బిగించి, విజయవాడ మీదుగా కలకత్తాకో నాగపూరుకో ఢిల్లీకో పోయే లారీలు. మొన్న సీజన్లో ఒక రాత్రి నేనూ, నాకు తెలిసిన ఒకామే అక్కడికి దగ్గరలో ఉన్న టీ బంకులో చాలాసేపు కూర్చున్నాం. ఆమె చూపంతా లారీ క్యాబిన్ల మీదే ఉంది. డ్రైవరు పక్కన క్లీనరు లేకుండా ఒక్క మనిషితోనే పోతున్న బండి కనిపించినప్పుడల్లా నా చెయ్యి తట్టి చూపించింది. అంత బండిని అంత దూరం ఒక్కళ్ళే తీసుకెళ్ళగలరా లేదా అన్నది ఆమె తేల్చుకోవాలి.

ఆమెది మంగళగిరిలో నేత కుటుంబం. ఇంట్లో మగ్గం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. భర్త వదిలేసి వెళ్ళాక అద్దెకు ట్రాలీ ఆటో తీసుకుని విజయవాడ మార్కెట్టుకు కూరగాయలు వేసింది. తర్వాత చిన్న లారీకి మారింది. ఇద్దరు పిల్లలు, తల్లి ఆమె సంపాదన మీదే బతుకుతున్నారు. చిన్న బండి మీద అద్దె, డీజిలు పోగా మిగిలేది ఇంటికి చాలదు. హెవీ లైసెన్సు తీసుకుని పెద్ద లారీ మీద సింగిల్ డ్రైవరుగా దూరపు ట్రిప్పులు వెయ్యాలని ఆమె ఆలోచన. నన్ను అడిగింది మాత్రం ఒక్కటే: ఎవరు నేర్పుతారక్కా, అని.

స్త్రీల శ్రమ గురించి చదవడం, రాయడమే ఇన్నేళ్ళుగా నా పని. అయినా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇలాంటి స్త్రీ ఎదురైతే మనం సాధారణంగా ఆమె ధైర్యం గురించి మాట్లాడతాం, ఒక ఫోటో తీసి పత్రికలో వేస్తాం. ఈమెకు ధైర్యం కొరత లేదు. ఆమెతోపాటు రెండు డ్రైవింగు స్కూళ్ళకూ, ముగ్గురు లారీ ఓనర్ల దగ్గరకూ తిరిగాక నాకు అర్థమైన విషయాలను మన కార్యకర్తల ముందు పెట్టాలనుకుంటున్నాను.

లారీ తలుపు దగ్గర ఆగిపోయే స్త్రీలు

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తీ మిర్చీ ఎవరి చేతుల మీదుగా నడుస్తాయో మనకు తెలియంది కాదు. మిర్చి నారు పెట్టేది, కలుపు తీసేది, కాయ కోసేది స్త్రీలు. కోతల కాలంలో కర్నూలు పశ్చిమ మండలాల నుంచి కుటుంబాలతో వలస వచ్చి పొలం గట్ల మీద గుడారాలు వేసుకునేదీ వాళ్ళే. కల్లాల్లో తాలుకాయ ఏరేదీ, ఘాటుకు దగ్గుతూ తొడిమలు తీసేదీ వాళ్ళే. పత్తి తీసేది స్త్రీలు. జిన్నింగు మిల్లుల్లో దూది మధ్య పనిచేసే వాళ్ళలోనూ స్త్రీలు తక్కువేం కాదు.

సరుకు బస్తాలోకి ఎక్కి, బస్తా లారీ దగ్గరకు చేరేసరికి స్త్రీలు మాయమవుతారు. బస్తా మోసే హమాలీ, కాటా వేసేవాడు, లోడు మాట్లాడే బ్రోకరు, లారీ ఓనరు, డ్రైవరు, క్లీనరు అందరూ మగవాళ్ళే. తక్కువ కూలీ పనులన్నీ లారీకి ఇటువైపు ఉన్నాయి. ఊరు దాటే పని, డబ్బు చేతులు మారే పని, రేటు గురించి బేరమాడే పని అటువైపు ఉన్నాయి. శ్రమ విభజన గురించి మనం తరగతి గదుల్లో చెప్పే పాఠమంతా మిర్చి యార్డు గేటు దగ్గర అరగంట నిలబడితే కనిపిస్తుంది.

లారీలు, ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు స్త్రీలకు కొత్త అని కూడా అనలేం. కూలీకి పోయే స్త్రీలు తెల్లవారుజామున వాటిలో కిక్కిరిసి నిలబడి పొలాలకు పోతూనే ఉన్నారు. ప్రమాదం జరిగితే చచ్చిపోతూనే ఉన్నారు. సరుకులాగా బండి వెనక ఎక్కడానికి ఆడవాళ్ళకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అభ్యంతరమంతా ముందు సీటు గురించే.

స్టీరింగు పట్టిన వాళ్ళు ఎలా పట్టగలిగారు?

దేశంలో లారీ నడిపిన స్త్రీల పేర్లు అడిగితే ముందుగా వినిపించేది భోపాల్ యోగితా రఘువంశీ పేరు. న్యాయశాస్త్రం చదివిన మనిషి. 2003లో భర్త చనిపోయాక ఆయన రవాణా వ్యాపారాన్ని చేతిలోకి తీసుకున్నారు. పెట్టుకున్న డ్రైవరు హైదరాబాదు దగ్గర ప్రమాదం చేసి బండి వదిలేసి పారిపోతే, ఆమే వచ్చి లారీని బాగు చేయించుకుని తీసుకెళ్ళారు. స్టీరింగు తానే పట్టాలని ఆ తర్వాత నిర్ణయించుకున్నారు. కేరళలో త్రిశూర్ జిల్లాకు చెందిన డెలిషా డేవిస్ పెట్రోలు ట్యాంకరు నడుపుతూ 2021లో వార్తల్లోకి వచ్చింది. తండ్రి ట్యాంకరు డ్రైవరు, ఆయన దగ్గరే నేర్చుకుంది. కొట్టాయం జిల్లా ఏట్టుమానూరు నుంచి కాశ్మీరు దాకా లారీ నడిపిన జలజా రతీష్ భర్తది లారీల వ్యాపారమే. మన దగ్గర కొత్తగూడెం పక్కన సుజాతనగర్‌లో లారీ టైర్లు విప్పి బిగించే ఆదిలక్ష్మి గురించి 2021లో పత్రికలన్నీ రాశాయి. ఆమె పని నేర్చుకుంది భర్త షాపులో.

వీళ్ళలో ఎవరి శ్రమనూ తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ నలుగురి కథలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టంగా కనపడుతుంది. ప్రతి ఒక్కరికీ ఇంట్లోనే బండి ఉంది, లేదా బండి పని తెలిసిన మగవాడు ఉన్నాడు. ఈ వృత్తిలోకి స్త్రీ వచ్చిన దారి కుటుంబం గుండా వచ్చింది. భర్త చనిపోతేనో, తండ్రి ఒప్పుకుంటేనో, భర్త పక్కన కూర్చుంటేనో తెరుచుకున్న దారి అది. పని కావాలని వెళ్ళి అడిగి లారీ డ్రైవరు కాగలిగే దారి మగపిల్లవాడికి ఉంది, ఆడపిల్లకు లేదు. మంగళగిరి స్త్రీకి ఇంట్లో మగ్గం ఉండేది, లారీ లేదు. ఆమె ఎంత ధైర్యవంతురాలైనా ఈ కథల్లో ఆమెకు చోటు లేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఒకటుంది. వాంకుడోతు సరిత సంస్థాన్ నారాయణపురం మండలంలోని ఒక తండాలో పుట్టిన లంబాడా స్త్రీ. 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవరైంది. పదేళ్ళ తర్వాత, 2025 జూన్‌లో, తెలంగాణ ఆర్టీసీలో మొదటి మహిళా డ్రైవరుగా సొంత రాష్ట్రానికి వచ్చింది. ఆమెకు ఇంట్లో బస్సు అక్కర్లేకపోయింది. ఒక ప్రభుత్వ సంస్థ ఉద్యోగం ఇచ్చింది కాబట్టి నడపగలిగింది. అదే తమిళనాడులో కన్యాకుమారి జిల్లాకు చెందిన వసంతకుమారి 1993లోనే ప్రభుత్వ బస్సు డ్రైవరు. పక్క రాష్ట్రం ఆ పని చేశాక తెలుగు నేల మీద ఒక ఆర్టీసీ ఒక స్త్రీకి స్టీరింగు ఇవ్వడానికి ముప్ఫై రెండేళ్ళు పట్టింది. 2023 డిసెంబరులో తెలంగాణలో, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చింది. మంచిదే, దానివల్ల ఎంతమంది బయటికి వచ్చారో మన కళ్ళముందే ఉంది. కానీ స్త్రీని ప్రయాణికురాలిగా ఎక్కించుకోవడం, ఆమెకు ఆ బస్సులోనే జీతం ఇచ్చి ఉద్యోగం ఇవ్వడం రెండూ ఒకటి కాదు.

బస్సుకైనా డిపో ఉంటుంది, డ్యూటీ చార్టు ఉంటుంది. లారీకి అవేవీ లేవు. ఒక్క ఓనరు, ఒక్క బ్రోకరు, ఒక్క డ్రైవరు. ఎవరిని వెళ్ళి అడగాలో తెలియని రంగం అది.

క్లీనరు అనే బడి

లారీ పని ఎక్కడ నేర్పుతారు? డ్రైవింగు స్కూలు నేర్పేది గేర్లు, క్లచ్చి, వెనక్కి తీయడం. 2021లో వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నిబంధనల ప్రకారం భారీ వాహనానికి శిక్షణ ఆరు వారాల్లో 38 గంటలు. మేం వెళ్ళిన స్కూళ్ళలో ఆ మాత్రం కూడా లేదు. ఖాళీ బండిని ఊరి బయట రోడ్డు మీద కొన్ని రోజులు తిప్పి ఆర్టీవో టెస్టుకు పంపిస్తామన్నారు. ఒకాయన ఆడమనిషికి హెవీ ఎందుకమ్మా, స్కూటీ నేర్చుకోమన్నాడు. అప్పటికి ఆమె నాలుగు చక్రాల బండి నడపబట్టి ఆరేళ్ళు.

అసలైన బడి క్లీనరు పని. పదహారు, పదిహేడేళ్ళ కుర్రాడు బండి ఎక్కుతాడు. అద్దం తుడుస్తాడు, టీ తెస్తాడు, తిట్లు తింటాడు. పట్టా ఎలా కప్పాలి, వాన వస్తే మిర్చి తడవకుండా మడత ఎక్కడ వెయ్యాలి, తాడు ఎలా బిగించాలి, టైరు మీద కర్రతో కొట్టి శబ్దాన్ని బట్టి గాలి ఎలా తెలుసుకోవాలి, జాకీ ఎక్కడ పెట్టాలి, ఘాటు రోడ్డు దిగేటప్పుడు ఏ గేరులో ఉండాలి, కాటా దగ్గర ఏం చూడాలి, ఏ పెట్రోలు బంకులో పడుకుంటే డీజిలు దొంగతనం జరగదు, ఏ బ్రోకరు బాకీ ఎగ్గొడతాడు - ఇదంతా రెండు మూడేళ్ళలో డ్రైవరు పక్కన కూర్చుని, అదే క్యాబిన్లో పడుకుని నేర్చుకుంటాడు. అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద డ్రైవరు స్టీరింగు ఇస్తాడు. అలా డ్రైవరవుతాడు.

ఆ బడికి ఫీజు లేదు, కానీ ఆడపిల్లకు ప్రవేశమూ లేదు. పరాయి మగవాడితో రాత్రులు ఒకే క్యాబిన్లో ఉండటమే ఆ చదువు పద్ధతి. అది అబ్బాయిలకు కూడా మంచి పద్ధతి కాదు. ఆ కుర్రాళ్ళ మీద జరిగే దౌర్జన్యం, లైంగిక దోపిడీ గురించి మనం మాట్లాడిందీ తక్కువే. ఇప్పుడు ఆ బడి కూడా మూతపడుతోంది. ఖర్చు తగ్గించుకోవడానికి ఓనర్లు క్లీనర్లను మానేసి సింగిల్ డ్రైవర్లతో బండ్లు పంపుతున్నారు. ఒక మనిషి జీతం మిగులుతుంది, ఇద్దరి పని ఒకరి మీద పడుతుంది. కొత్తగా లారీ ఎక్కే మనిషికి పక్కన చెప్పేవాళ్ళు లేరు. వెనక్కి తీసేటప్పుడు దిగి చూసేవాళ్ళు లేరు. టైరు పేలితే చెయ్యి వేసేవాళ్ళు లేరు. కొత్తగా వచ్చిన సింగిల్ డ్రైవరుకు మొదటి ఏడాదే అన్నిటికంటే ప్రమాదకరమైన కాలం. మగవాడికే అలా ఉంటే, ఎదుటివాళ్ళు తన మొదటి తప్పు కోసం కాచుకుని ఉన్నారని తెలిసిన స్త్రీకి ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇంకొక డ్రైవరు బండి గీస్తే అది అతని తప్పు. ఆమె గీస్తే అది ఆడవాళ్ళందరి తప్పవుతుంది.

లైసెన్సు చట్టంలో ఆడా మగా తేడా లేదు. తేలికపాటి బండి లైసెన్సు తీసుకుని ఏడాది నిండితే పెద్ద బండి లెర్నర్స్ లైసెన్సు అడగొచ్చు. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నియమాన్ని 2019లో తీసేశారు. 7,500 కిలోల లోపు సరుకు బండికి తేలికపాటి బండి లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మీద దారి తెరిచే ఉంది. కాగితానికీ లారీకీ మధ్య ఉన్న ఆ రెండు మూడేళ్ళ చదువు ఎక్కడ దొరుకుతుందో ఏ చట్టమూ చెప్పదు.

ఎన్ని గంటలు నడపాలి?

గుంటూరు నుంచి కలకత్తా దాదాపు 1,200 కిలోమీటర్లు. లోడు లారీ సగటున గంటకు నలభై కిలోమీటర్లు పోతుందనుకుంటే స్టీరింగు మీదే ముప్ఫై గంటలు. రోజుకు ఎనిమిది గంటలే నడిపితే నాలుగు రోజుల ప్రయాణం. సరుకు పంపేవాళ్ళూ, బ్రోకర్లూ నాలుగు రోజులు ఆగుతారా? కిరాయి తగ్గిస్తారు, లేదా వచ్చేసారి లోడు ఇవ్వరు. అందుకే డ్రైవర్లు నిద్ర మానేసి నడుపుతారు. మన రోడ్ల మీద తెల్లవారుజామున జరిగే ప్రమాదాలకు నిద్రమత్తు కారణమని పత్రికలు రాస్తాయి గానీ, ఆ నిద్రను ఎవరు లాక్కున్నారో రాయవు.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అని పరిమితి పెట్టింది. దూరపు రూట్లకు అనుమతి తీసుకుంటే రోజుకు పది, వారానికి 54 దాకా. అయితే ఆ చట్టం అయిదుగురు, అంతకంటే ఎక్కువమంది కార్మికులున్న సంస్థలకే. ఒకటి రెండు లారీలున్న ఓనర్లే ఎక్కువగా ఉన్న ఈ రంగంలో అది చాలామంది డ్రైవర్ల దరిదాపుల్లోకి రాలేదు. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. అందులో మోటారు రవాణా సంస్థకు పరిమితి పదిమంది. అయిదు కాస్తా పది అయింది. సొంత లారీకి తానే ఓనరూ తానే డ్రైవరూ అయిన మనిషి అప్పుడూ లెక్కలో లేదు, ఇప్పుడూ లేదు. ఫైనాన్సు వాయిదా ఒక్కటే ఆమె పనిగంటలు నిర్ణయిస్తుంది.

ఇది ఆడవాళ్ళ ప్రత్యేక సమస్య కాదని కొందరు అనొచ్చు. నిజమే, ఇది డ్రైవర్లందరి సమస్య. కానీ మగ డ్రైవరు ఇరవై రోజులు ఇల్లు వదిలి తిరగగలుగుతున్నాడంటే, ఆ ఇరవై రోజులూ అతని పిల్లల్ని, ముసలి తల్లిదండ్రుల్ని, పశువుల్ని, అప్పులవాళ్ళని చూసుకునే భార్య ఇంట్లో ఉంది. జీతంలేని ఆమె పని మీద లారీ నడుస్తోంది. రవాణా రంగం ఆమెను ఎన్నడూ తన కార్మికురాలిగా లెక్కించలేదు. అదే లారీని స్త్రీ నడపాలంటే ఆమె వెనక భార్య ఉండదు. మంగళగిరి స్త్రీకి ఉన్నది మోకాళ్ళ నొప్పులతో బాధపడే తల్లి. ట్రిప్పు ఎన్ని రోజులు పడుతుందో ముందే తెలిస్తే ఆమె ఏర్పాటు చేసుకోగలదు. లోడు దిగడానికి రెండు రోజులు హాల్టింగు, తిరుగు లోడు కోసం మూడు రోజులు అంటే ఏం చేసుకోగలదు? పనిగంటలకు హద్దు లేని పని ఏదైనా ఇంటి బాధ్యతలున్న మనిషిని దానంతటదే బయటికి నెట్టేస్తుంది. ఆడవాళ్ళు రావద్దని బోర్డు పెట్టనవసరం లేదు.

రాత్రి ఎవరిది?

రోడ్డు, రాత్రి, లారీ అన్న మూడు మాటలు పక్కపక్కన వస్తే మన మనసులోకి 2019 నవంబరు వస్తుంది. శంషాబాద్ దగ్గర టోల్‌గేటు పక్కన లారీ సిబ్బంది చేతిలో ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన అత్యాచారం, హత్య. ఆ తర్వాత డిసెంబరు 6న నలుగురు నిందితుల ఎన్‌కౌంటరు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఆ పోలీసు కథనాన్ని నమ్మలేమని చెప్పింది. ఆ రోజుల్లోనే జరిగిన ఇంకొక సంగతి మనలో చాలామందికి గుర్తులేదు. తెలంగాణ ముఖ్యమంత్రి ఆర్టీసీ మహిళా ఉద్యోగులకు రాత్రి డ్యూటీలు వద్దని, ఎనిమిది గంటలకల్లా వాళ్ళ డ్యూటీ ముగించాలని ప్రకటించారు. హింస చేసింది మగవాళ్ళు, రోడ్డు ఖాళీ చెయ్యాల్సింది స్త్రీలు. ఆ నిర్ణయాన్ని చాలామంది దయగానే తీసుకున్నారు.

రక్షణ పేరుతో పని తీసెయ్యడం చెల్లదని న్యాయస్థానాలు చెప్పి చాలాకాలమైంది. ఫ్యాక్టరీల్లో స్త్రీల రాత్రి పనిని నిషేధించిన సెక్షన్‌ను 2000లో మద్రాసు హైకోర్టు, 2002లో త్రివేణి కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమన్నాయి. 2007లో అనూజ్ గార్గ్ కేసులో సుప్రీంకోర్టు, స్త్రీలకు భద్రత కల్పించాల్సిన ప్రభుత్వం దానికి బదులు వాళ్ళ ఉపాధిని కుదించకూడదని చెప్పింది. కొత్త కోడ్ కూడా స్త్రీ ఒప్పుకుంటే రాత్రి ఏడు తర్వాత, ఉదయం ఆరుకు ముందు పనిచెయ్యొచ్చంటోంది. భద్రత యజమాని బాధ్యత అంటోంది. అయితే యజమానే లేని డ్రైవరుకు ఆ భద్రత ఎవరు ఇవ్వాలి?

పనిచోట లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. ఆమెకు పనిచోటు ఏది? గుంటూరు యార్డా, బ్రోకరు ఆఫీసా, ఒడిశాలో పెట్రోలు బంకా, కలకత్తాలో గోడౌనా? ఉద్యోగి కాకపోయినా ఒక పనిచోట వేధింపుకు గురైన స్త్రీ ఫిర్యాదు చెయ్యొచ్చని ఆ చట్టం చెబుతుంది. పదిమంది లేనిచోట జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వాలి. బండి ఆపి, లోడు ఆలస్యం చేసి, భాష తెలియని జిల్లాలో ఆ కమిటీ ఎక్కడుందో వెతుక్కుంటూ ఏ డ్రైవరు పోగలదు? మన జిల్లాల్లోనే స్థానిక కమిటీ ఎక్కడ కూర్చుంటుందో ఎంతమంది కార్యకర్తలకు తెలుసు?

మన సంస్థల గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. 2000 తర్వాతి సంవత్సరాల్లో ఎయిడ్స్ నివారణ కార్యక్రమాలు హైవేల మీద పెద్దఎత్తున నడిచాయి. మనలో చాలామంది వాటిలో పనిచేశాం. ఆ కార్యక్రమాల కాగితాల్లో హైవే మీద ఇద్దరే ఉండేవాళ్ళు. ఒకడు రోగం మోసుకొచ్చే డ్రైవరు, ఇంకొకరు ఒళ్ళమ్ముకునే స్త్రీ. సెక్స్‌వర్కర్ల హక్కుల గురించి ఆ పని కొంత మేలు చేసింది. కానీ రాత్రి రోడ్డు మీద కనిపించే ఆడమనిషి అంటే ఒకే అర్థం అన్న చూపును మనం కూడా కొంత గట్టిపరిచాం. ఈరోజు ఒక స్త్రీ లారీ ఆపి ధాబాలో భోజనానికి దిగితే ఎదురయ్యేది ఆ చూపే.

ఇంత చెడ్డ పని ఎందుకు అడగాలి?

ఈ విషయం ఒక సమావేశంలో చెప్పినప్పుడు ఒక మిత్రురాలు గట్టిగా అడ్డుచెప్పింది. నడుము విరిగే పని, మగవాళ్ళే వదిలేసి పోతున్నారు, డ్రైవర్లు దొరకడం లేదని యజమానులు గోల పెడుతున్నారు, చౌకగా దొరుకుతారని ఆడవాళ్ళను పిలుస్తారు, మనం చప్పట్లు కొట్టాలా, అని. ఆ మాటలో నిజం ఉంది. పని విలువ పడిపోయాక స్త్రీలకు అప్పగించడం చరిత్రలో చాలాసార్లు జరిగింది.

దానికి నా జవాబు ఇది. తొడిమలు తీసే పని నడుము విరగ్గొట్టదా? ఆ పని నుంచి స్త్రీలను కాపాడాలని ఎవరైనా అన్నారా? కష్టమైన పని అన్న వాదన డబ్బు కాస్త ఎక్కువ వచ్చే చోటే వినిపిస్తుంది. లారీ పని వద్దు అని చెప్పే హక్కు మంగళగిరి స్త్రీకి ఉంది, మనకు లేదు. మనం చెయ్యగలిగింది, ఆమె అడుగుపెట్టే పని మనుషులు చెయ్యదగ్గ పనిగా ఉండాలని పోరాడటం. 2025 నుంచి కొత్తగా తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మే నెల ఎండలో ఇంజను పక్కన కూర్చునే మనిషి గురించి ప్రభుత్వానికి ఇంతకాలానికి గుర్తొచ్చింది. పనిగంటలు, నిద్ర, మరుగుదొడ్డి గురించి కూడా గుర్తుచెయ్యాలి. స్త్రీలు రావడానికి వీలైన లారీ రంగం మగ డ్రైవర్లకు కూడా ఇప్పటికంటే మంచి రంగం అవుతుంది. అందుకే ఈ విషయంలో డ్రైవర్ల యూనియన్లు మనకు సహజమైన మిత్రులు. వాళ్ళ దగ్గరకు మనం ఇంతవరకూ వెళ్ళలేదు.

ఏం అడగాలి?

మొదటిది, నేర్చుకునే దారి. ఆర్టీసీలు స్త్రీలను డ్రైవర్లుగా ఒకరిద్దరిని కాక బ్యాచులుగా తీసుకోవాలి. డ్రైవింగులో అనుభవమున్న సిబ్బందీ, పెద్ద బండ్లూ ఉన్న ప్రభుత్వ సంస్థలు అవే. వాటి డిపోలను స్త్రీలకు భారీ వాహనాల శిక్షణా కేంద్రాలుగా వాడమని అడగాలి. ఢిల్లీలో ఆజాద్ ఫౌండేషన్ 2008 నుంచి పేద స్త్రీలకు కార్ల డ్రైవింగు నేర్పి ఉపాధి చూపిస్తోంది. స్టీరింగుతోపాటు చట్టం, ఆత్మరక్షణ, మాట్లాడే నేర్పు కూడా అక్కడ పాఠాలే. లారీకి అలాంటి ప్రయత్నం విజయవాడ ఆటోనగర్ పక్కన కాకపోతే ఇంకెక్కడ మొదలవుతుంది? లైసెన్సు వచ్చాక జీతం ఇచ్చి ఆరు నెలలు అనుభవమున్న డ్రైవరుతో పగటి ట్రిప్పులు వేయించే ఏర్పాటు అందులో భాగం కావాలి.

రెండోది, ఆగే చోటు. టోల్‌గేట్ల దగ్గర, హైవే పక్కన డ్రైవర్లకని కట్టే విశ్రాంతి గదుల్లో స్త్రీలకు తాళం వేసుకోగలిగే గది, స్నానాల గది, వెలుతురున్న పార్కింగు ఉండాలి. ఒక్క ఆడ డ్రైవరు కూడా రావడం లేదు కాబట్టి కట్టలేదంటారు. గది లేదు కాబట్టి ఆమె రావడం లేదు. యార్డులోనూ, కోల్డు స్టోరేజీల దగ్గరా అంతే. తొడిమలు తీసే స్త్రీలకు కూడా ఆ మరుగుదొడ్డి కావాలి. ఈ కోరికతో రెండు రకాల స్త్రీలనూ కలపొచ్చు.

మూడోది, పనిగంటలు. కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేకుండా, సొంత బండి నడుపుకునే వాళ్ళతో సహా, దూరపు లారీ డ్రైవర్లందరికీ వర్తించే పనిగంటల నియమం ఉండాలి. దాన్ని తుంగలో తొక్కితే శిక్ష డ్రైవరు మీద మాత్రమే కాక గడువు పెట్టి తొందర చేసిన సరుకు యజమాని మీద, బ్రోకరు మీద కూడా పడాలి. రోడ్డు రవాణాలో పనిగంటల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లోనే ఒప్పందం చేసింది. పనిలో హింస, వేధింపుల మీద 2019లో ఇంకొకటి చేసింది. మన దేశం రెండింటినీ ఆమోదించలేదు.

నాలుగోది మనం మనల్ని అడగాల్సింది. మన పొదుపు సంఘాలు గేదెకు, కుట్టుమిషనుకు, కిరాణా కొట్టుకు అప్పులిప్పిస్తాయి. లారీకి కాదు కదా, హెవీ లైసెన్సు ఫీజుకైనా ఎప్పుడైనా ఇప్పించాయా? సాధికారత అన్న మాటను ఇంటి గడపకు దగ్గరగా ఉండే పనులకే ఎందుకు పరిమితం చేశాం? ప్రతి జిల్లాలో డ్రైవింగు పని కోరుకునే స్త్రీల జాబితా మన దగ్గర ఉండాలి. నేర్పడానికి సిద్ధపడే డ్రైవర్ల జాబితా కూడా. ఈ రెండో జాబితాలో పేర్లు ఉండవని ముందే అనుకోవద్దు. మేం కలిసిన ముగ్గురు ఓనర్లలో ఒకాయన పగటిపూట చిలకలూరిపేట దాకా బండి ఇస్తానన్నాడు. ఇంట్లో మగవాళ్ళెవరైనా పక్కన కూర్చుంటేనే అన్నాడు. మగవాళ్ళెవరూ లేరు కాబట్టే కదా ఆమె బండి అడుగుతోంది.

పోయిన నెలలో ఆమె హెవీ లెర్నర్స్ లైసెన్సు తీసుకుంది. చిన్న లారీ పని నడుస్తూనే ఉంది. నేర్పే మనిషి ఇంకా దొరకలేదు. లెర్నర్స్ లైసెన్సు గడువు ఆరు నెలలు. అందులో ఒకటి గడిచిపోయింది. గుంటూరు, విజయవాడ, ఒంగోలు ప్రాంతాల్లో పనిచేస్తున్న సంస్థల్లో ఎవరికైనా దారి తెలిస్తే పత్రిక చిరునామాకు రాయండి.